గొడుగు బాబు

సాగరదీప్తి కాలనీ,
భీమిలి రోడ్డు.
8 జూన్ 2025

అక్కకు,

నమస్కారాలు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని బావ దగ్గర నన్ను తిట్టావని తెలిసింది. ఎత్తను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరివాళ్ళ ఉత్తరాల మీద ముద్రలు కొట్టాను. రిటైరయ్యాక నా పేరు మీద కరెంటు బిల్లు తప్ప ఏదీ రావడం లేదు. పోస్టుమాస్టరుగా చేసినవాడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? నీ దస్తూరి బాగుంటుంది, మధ్యాహ్నం పూట అంగట్లో ఖాళీగానే ఉంటావు. రాయి.

ఇక మా కాలనీ కబుర్లు. కుక్కలు పెరిగాయి. పొద్దున్నే బీచ్‌లో నవ్వుల క్లబ్బు వాళ్ళు చేతులెత్తి హహ్హహ్హా అంటుంటే అవి చుట్టూ చేరి ఏడుస్తున్నాయి. క్లబ్బు నడిపే రెబెకా టీచరు గారు కుక్కల మీద కార్పొరేషన్‌కు అర్జీ పెట్టారు. కుక్కలకు అన్నం పెట్టేవాళ్ళు నవ్వుల మీద అర్జీ పెట్టారు. రెండూ పరిశీలనలో ఉన్నాయి. పక్కనున్న జాలరిపేట వాళ్ళు మా వాకింగ్ ట్రాక్ మీద చేపలు ఎండబెడుతున్నారు. ఇదేమిటంటే, ట్రాక్ వేయకముందు నుంచీ అక్కడే ఎండబెడుతున్నామంటారు. అదీ నిజమే.

అసలు సంగతి వేరు. మా వీధి చివర, సముద్రానికి ఎదురుగా ఒక గుండ్రటి దిమ్మె ఉంది. ఫౌంటెన్ పెడతామని కట్టి, ఎప్పుడో వదిలేశారు. అక్టోబరు ఆఖరుకల్లా దాని మీద చూడముచ్చటైనది ఏదో ఒకటి నిలబెట్టకపోతే ఆ జాగాలో చెత్తబండ్ల యార్డు పెడతామని కార్పొరేషన్ నోటీసు ఇచ్చింది. జనరల్ బాడీ మీటింగు పెట్టారు. వినాయకుడన్నారు, బుద్ధుడన్నారు, ఒకాయన వాళ్ళ నాన్నగారన్నారు. కుర్చీలు లేచాయి. చివరికి ఏ మతానికీ ఏ కులానికీ ఏ పార్టీకీ చెందనిది డాల్ఫిన్ ఒక్కటేనని తేలింది.

రాతితో ఎవరు చేస్తారు అన్నప్పుడు నేను లేచాను. మా అక్క ఆళ్లగడ్డలో శిల్పుల వీధి పక్కనే ఉంటుందని చెప్పాను. తొమ్మిదేళ్ళుగా ఇక్కడ నన్నందరూ "సి-పద్నాలుగు" అంటారు, అది నా ఫ్లాట్ నంబరు. ఆ రోజు ప్రెసిడెంటు గిరీశ్ గారు "మీ పేరేంటండీ?" అని అడిగారు. నాకెంత సంతోషమైందో నీకు చెప్పలేను.

ఇందులో రెండు ఫోటోలు పెట్టాను. ఒకటి డాల్ఫిన్. రెండోది దిమ్మె. డాల్ఫిన్ మూతి ఎంత ఎత్తుకు రావాలో తెలియడానికి నేనే దిమ్మె ఎక్కి కుడిచెయ్యి పైకెత్తి చూపించాను. ఎడమచేతిలో ఉన్న గొడుగు అప్పుడే గాలికి తిరగబడింది. మంచి శిల్పిని చూసి ఇవ్వు. ఇక్కడ నా పరువు నీ చేతిలో ఉంది.

తమ్ముడు
జనార్దనం


ఆళ్లగడ్డ
19 జూన్ 2025

అబ్బీ జనార్దనా,

నీ ఉత్తరం అందింది. కవరు మీద ముద్ర సగమే పడింది. నువ్వు చూస్తే కొట్టినవాణ్ణి అన్నం తిననిచ్చేవాడివి కాదు. మేమంతా బాగున్నాం. మీ బావకు శనగల ధర తప్ప లోకంలో వేరే దిగులు లేదు.

ముందు నా మాట విను. నంద్యాలలో మా అబ్బాయి తరుణ్ ఇంటి వెనక వీధిలో కింది వాటా ఖాళీ అయింది. రెండు గదులు, వెనక తులసికోట, మంచినీళ్ళ పంపు. ఎదురింటి వాళ్ళు మనవాళ్ళే. దసరా దాకా ఎవరికీ ఇవ్వనని ఓనరమ్మ మాట ఇచ్చింది. వచ్చెయ్. ఆ సముద్రం పక్కన ఎవరున్నారని నీకు? మరదలు భవాని పోయిన రోజు నేను మర్చిపోలేదు. మేము నంద్యాలలో రైలెక్కి వచ్చి చేరేవరకు ఆ పిల్ల పక్కన నువ్వొక్కడివే కూర్చుని ఉన్నావు. మీ కాలనీ వాళ్ళు ఫోన్లలో దండాల బొమ్మలు పంపించారట. ఒక్కరూ గడప తొక్కలేదు. అలాంటివాళ్ళకు ఇప్పుడు రాతి చేప కావాల్సి వచ్చింది.

అయినా నువ్వు అడిగావని సంజీవయ్య దగ్గరికి పోయాను. మన పక్క వీధిలో అతని చేతికి సాటి లేదు. డాల్ఫిన్ ఫోటో అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"అమ్మా, ఇదేందీ? చేపనా, పందినా?"

చేపే అన్నాను.

"పొలుసు లేదే? మళ్ళ నవ్వుతాండాది సూడు. చేప నవ్వేది నేను యాడా చూళ్ళేదు. పోనీలే, ఉగ్ర నరసింహస్వామినే నవ్వించినోళ్ళం. ఇది ఎవరి వాహనమూ?"

ఎవరి వాహనమూ కాదు, ఊరికే నిలబెడతారట అన్నాను. నన్ను జాలిగా చూశాడు. "వాహనం ఊరికే యాడన్నా ఉంటాదామ్మా? నంది ఉంటే శివయ్య ఉండాల, ఎలుకుంటే వినాయకుడుండాల. సర్లే, నేను జూసుకుంటాలే" అని రెండు ఫోటోలూ జేబులో పెట్టుకున్నాడు. పని తెలిసినవాడు, ఇక మనకు దిగులు లేదు.

ఇంటి సంగతి వెంటనే రాయి.

నీ అక్క
కృష్ణకుమారి


సాగరదీప్తి కాలనీ
3 జులై 2025

అక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంజీవయ్యకు ఒక్క మాట చెప్పు. డాల్ఫిన్ చేప కాదు. పిల్లల్ని కని పాలిచ్చే జంతువు. చేప అనుకుని పొలుసులు చెక్కేస్తే ఇక్కడ నాకు పొలుసులు తీస్తారు.

ఇక్కడ కొత్త తగాదా మొదలైంది. డాల్ఫిన్ తల సముద్రం వైపు ఉండాలా, కాలనీ వైపు ఉండాలా అని. సముద్రం వైపు పెడితే రోజూ పొద్దున్నే లేచి దాని వెనక భాగం చూడాలా అని ఎ-బ్లాకు వాళ్ళు అంటారు. కాలనీ వైపు పెడితే సముద్రం నచ్చక బయటికి వచ్చేసినట్టు ఉంటుందని బి-బ్లాకు వాళ్ళు అంటారు. వాస్తు ఆయన్ని పిలిపిస్తే ఈశాన్యానికి తిప్పమన్నాడు. ఈశాన్యంలో పబ్లిక్ టాయిలెట్ ఉంది. ఓటింగు పెట్టారు. సి-బ్లాకు ఎటు వేస్తే అటు తేలుతుంది కాబట్టి ఇప్పుడు మెట్ల మీద ఎదురైతే నాకు దారి ఇస్తున్నారు.

నన్ను విగ్రహం కమిటీలో వేశారు. మీటింగులో ముందు వరసలో కుర్చీ ఇచ్చారు. ట్రెజరర్ ప్రదీప్ గారు నా ముందు బిస్కెట్ల ప్లేటు పెట్టి "తీసుకోండి, జనార్దనం గారూ" అన్నారు. రెండు తీసుకున్నాను.

ఇంటి సంగతి నేను మర్చిపోలేదు. నాకు కాస్త గడువు ఇవ్వు. ఈ సముద్రం భవాని ఏరికోరి తెచ్చుకున్న సముద్రం. ఊరికే వదిలి రాలేను.

తమ్ముడు
జనార్దనం


నంద్యాల
24 జులై 2025

అబ్బీ,

తరుణ్ ఇంటికి వచ్చి ఇక్కడి నుంచి రాస్తున్నాను. ఆ వాటాకు సున్నం కొట్టించారు. వంటింటి గట్టు నాకైతే ఎత్తుగా ఉంది, నీకు సరిపోతుంది.

పాలిచ్చే జంతువు అని చెప్పగానే సంజీవయ్య మొహం వెలిగిపోయింది. "ముందే చెప్పుంటే సగం తిప్పలు తప్పేదమ్మా. ఇంగ దానికి ఏమేం పెట్టాల్నో నాకు తెలుసు" అన్నాడు. ఏమేం పెడతాడో నేను అడగలేదు. పనివాణ్ణి సతాయించకూడదు.

రాయి మంచిది దొరికింది. పని సగం అయిపోయింది. మొహం పని మొదలుపెట్టినాక అతను గోనెపట్టా కప్పేస్తాడు, చివర్లో బొమ్మకు కండ్లు చెక్కి తెరిచేదాకా ఎవరికీ చూపించడు. వాళ్ళ నాయన కాలం నుంచీ అదే పద్ధతి. అందుకని నేను ఏమీ చూడలేదు. రెండు సంగతులు మాత్రం నిన్ను అడగమన్నాడు. కళ్ళజోడు ఉంచాలా, తీసేయాలా? గొడుగు ఎట్లా ఉండాలి? మీ కాలనీ వాళ్ళ పద్ధతులు నాకు తెలియవు, అందుకని అతను అడిగింది అడిగినట్టే రాస్తున్నాను. తొందరగా జవాబు రాయి, పని ఆగి ఉంది.

చేపకు ఇన్ని ముచ్చట్లు ఏమిటో. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

నీ అక్క
కృష్ణకుమారి


సాగరదీప్తి కాలనీ
6 ఆగస్టు 2025

అక్కకు,

కళ్ళజోడు గురించి చదివి చాలా సేపు నవ్వుకున్నాను. నీ వేళాకోళం ఇంకా పోలేదు. ఉంచమని చెప్పు. ఈ కాలనీలో అందరికీ చూపు మందమే, దానికి మాత్రం ఎందుకుండకూడదు?

గొడుగు సంగతి అతను అడగడం మంచిదైంది. లారీ వానల్లో రావాలి. గొడుగో టార్పాలినో, గాలికి ఎగిరిపోకుండా గట్టిగా బిగించమని చెప్పు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

ఓటింగు అయింది. తల సముద్రం వైపే. ఎ-బ్లాకులో ఇద్దరు కిటికీలు మూయించేస్తున్నారు. జాలరిపేట నుంచి నరసమ్మ అనే ఆవిడ వచ్చి, ఈ పెద్ద దిమ్మె మీద ఏం పెడుతున్నారని నన్ను అడిగింది. పేటలో ఆమె మాటే మాట. డాల్ఫిన్ అన్నాను. "ఏటి బాబూ, సంద్రంలో బోలెడుంటే మళ్ళీ రాయెందుకు?" అంది. కార్పొరేషన్ పెట్టమందని చెప్పాను.

అక్కా, నీకు తేల్చి చెబుతున్నాను. ఈ విగ్రహం సవ్యంగా నిలబడితే నేను ఇక్కడే ఉండిపోతాను. నన్ను పేరు పెట్టి పిలిచే ఊరు నాకు దొరికినట్టే. తేడా వస్తే మారుమాట లేకుండా సామాను సర్దుకుని నువ్వు చూపించిన ఇంట్లో దిగుతాను. అంతవరకు ఓనరమ్మను పట్టి ఉంచు.

తమ్ముడు
జనార్దనం


ఆళ్లగడ్డ
5 సెప్టెంబరు 2025

నా బంగారు తమ్ముడికి,

ఒరే, ఇంత సంగతి జరుగుతుంటే నా దగ్గర దాస్తావా? నిన్న సంజీవయ్య మంచి గడియ చూసి గోనెపట్టా తీశాడు. మీ బావ అంగడి వదిలి చెప్పులు లేకుండా పరిగెత్తి వచ్చాడు. నువ్వే. నిలువెత్తు నువ్వు. ఆ చేప మీద చెయ్యెత్తి నిలబడి ఉన్నావు. నీ కళ్ళజోడు, ముందుకు వచ్చిన నీ పొట్ట, చొక్కాకు ఊడిపోయిన పై గుండీ, అన్నీ ఉన్నట్టుగా చెక్కాడు. వీధిలో జనమంతా వచ్చి చూసి ఈయన ఎవరు, ఏం చేశాడు అని అడిగారు. మా తమ్ముడు, పోస్టుమాస్టరు అని చెప్పాను.

మీ కాలనీ వాళ్ళను ఎన్నో మాటలు అన్నాను. అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. బతికున్న మనిషికి, అదీ సీమ నుంచి పోయినవాడికి, సముద్రం ఒడ్డున విగ్రహం పెడుతున్నారంటే వాళ్ళ మనసు ఎంత పెద్దదో. నీకు సిగ్గు, అందుకే చేప చేప అని నన్ను ఏమార్చావు. నాకు అర్థమైంది.

బతికున్నవాళ్ళకు రాతి బొమ్మ మంచిది కాదని మీ బావ గొణిగాడు. అందుకని లారీ కదిలే ముందు బూడిదగుమ్మడికాయ కొట్టించి, నిమ్మకాయలు చక్రాల కింద పెట్టించాను. నువ్వేం భయపడవద్దు.

నిన్ను ఇంతగా తలకెత్తుకున్న ఊరి నుంచి నేను లాక్కురావడం పాపం. అందుకే నంద్యాలకు పోయి, మా తమ్ముడు ఇక రాడు, వాటా ఎవరికైనా ఇచ్చుకో అని ఓనరమ్మకు చెప్పేశాను. భవాని ఉంటే ఎంత మురిసిపోయేది. నాకు రాస్తుంటే ఏడుపొస్తోంది.

నీ అక్క
కృష్ణకుమారి


సాగరదీప్తి కాలనీ
14 సెప్టెంబరు 2025

అక్కకు,

నీ ఉత్తరమూ లారీ ఒకే రోజు వచ్చాయి. లారీ ముందు వచ్చింది. తపాలా శాఖ మీద నాకు మొదటిసారి కోపం వచ్చింది.

క్రేన్ పెట్టి గోనెపట్టాతో సహా దిమ్మె మీదికి ఎక్కించారు. ఆ పొద్దునే కాలనీ అంతా చేరింది. రెబెకా టీచరు గారు ప్రార్థన చేశారు, ప్రదీప్ గారు కొబ్బరికాయ కొట్టారు, గిరీశ్ గారు తాడు లాగారు. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. డాల్ఫిన్‌ను చేయబోతే నేనయ్యాను.

డాల్ఫిన్ ఉంది, లేదనను. కాలి కింద ఉంది. దానికి మెడలో గంట ఉంది, మూపు మీద అంచు చీర కప్పినట్టు జీను ఉంది, పాలిచ్చేది కదా అని నుదుటి మీద బొట్టు కూడా ఉంది. దాని మీద నేను. కుడిచెయ్యి అభయమిస్తోంది. ఎడమచేతిలో తిరగబడ్డ గొడుగు ఉంది, ఒక్కొక్క పుల్లా విడివిడిగా చెక్కాడు. అంత పనితనం నేను చూడలేదు. నవ్వుల క్లబ్బు వాళ్ళు కూడా నవ్వలేదు. నేను జనంలో నిలబడి ఉన్నాను, అందరూ ఒకసారి దాన్ని చూసి ఒకసారి నన్ను చూశారు.

గిరీశ్ గారు నా దగ్గరికి వచ్చారు. "మేము డాల్ఫిన్ అడిగితే మీరెక్కేశారేంటండీ?" అన్నారు. నేను ఎక్కలేదని చెప్పాను. దాన్ని ఎవరూ నమ్మేలా లేరు, పైన నిలబడి ఉన్నాను కదా.

ఆ రోజే జాలరిపేట పడవల్లో వంజరం చేపలు ఎప్పుడూ లేనంత పడ్డాయి. సాయంత్రానికి నరసమ్మ పేట మొత్తాన్ని వెంటబెట్టుకుని వచ్చి దిమ్మెకు పసుపు రాసింది. నన్ను చూసి "ఏటి బాబూ, ఇన్నాళ్ళూ మాకు చెప్పలేదేటి?" అని దండం పెట్టింది. ఇప్పుడు వాళ్ళు దాన్ని గొడుగు బాబు అంటున్నారు. పొద్దునే సముద్రం మీదికి పోతూ పడవలోంచి చెయ్యి ఊపుతారు. విగ్రహానికి, నాకు కాదు.

కమిటీ తీర్మానం చేసింది. వేరే విగ్రహానికి టైము లేదు కాబట్టి కార్పొరేషన్ తనిఖీ అయ్యేదాకా దీన్ని ఉంచుతారు. ఫైల్లో "సముద్రజీవులను కాపాడుతున్న మానవుడు" అని రాశారు. తనిఖీ కాగానే తీసి మోటారు గది వెనక పడేస్తారు. నన్ను కమిటీలోంచి తీసేశారు, కాలనీ వాట్సాప్ గ్రూపులోంచి కూడా తీసేశారు. ఇప్పుడు నన్ను సి-పద్నాలుగు అని కూడా అనడం లేదు. మెట్ల మీద ఎదురైతే గోడ వైపు తిరుగుతున్నారు.

అక్కా, ఓనరమ్మ కాళ్ళు పట్టుకునైనా ఆ వాటా ఆపు. నేను వచ్చేస్తాను. ఇక్కడ ఉండలేను.

తమ్ముడు
జనార్దనం


ఆళ్లగడ్డ
25 సెప్టెంబరు 2025

అబ్బీ జనార్దనా,

నీ ఉత్తరం చదివి సంజీవయ్య మీదికి యుద్ధానికి పోయాను. చేప అడిగితే మా తమ్ముణ్ణి ఎందుకు చెక్కావని నిలదీశాను. అతను ఉలి పక్కన పెట్టి తీరిగ్గా చెప్పాడు.

"వాహనం ఫోటో పంపినారు. ఎక్కేటాయన ఫోటో పంపినారు. ఆయన దిమ్మె మీదనే నిలబడుకోని ఉండాడు. ఒక చెయ్యి అభయం ఇస్తాండాది, ఇంకో చేతిలో ఆయుధముండాది. కళ్ళజోడు ఉంచమని మీరే జెప్పిరి. గొడుగు గట్టిగా ఉండాలంటిరి, నెల దినాలు దాని మీదనే కూర్చుంటి. ఇంగ నేనేం అనుకోవాలమ్మా?"

దీనికి జవాబు నువ్వైనా చెప్పగలవేమో ఆలోచించు. పోనీ తిప్పి పంపితే తీసుకుంటావా అన్నాను. "కండ్లు తెరిచినాక వెనక్కి తీసుకునేది లేదు. మా వంశంలో లేదు" అన్నాడు. కాకపోతే ఒక మాట చెప్పాడు. స్వామి వేరే రాయి, వాహనం వేరే రాయి. వాహనం వీపు మీద గుంట తొలిచి అందులో కూర్చోబెట్టాడు, అంతే. నిన్ను పైకెత్తితే ఊడొస్తావట. మీ వాళ్ళకు చెప్పు, నిన్ను తీసేసి చేపను ఉంచుకుంటారు.

ఇది రాయడానికి చేతులు రావడం లేదు. వాటా పోయింది. సంజామల నుంచి మత్తయి అనే టీచరు పెళ్ళాం పిల్లలతో వచ్చి దిగిపోయాడు. నేను పోయేసరికి పిల్లలు తులసికోట చుట్టూ ఆడుకుంటున్నారు. వాళ్ళను లేవమని ఎట్లా అనేది? మంచి మనుషులు, నాకు టీ ఇచ్చారు.

నువ్వు మాత్రం అక్కడ ఒక్కరోజు కూడా తల వంచుకుని బతకొద్దు. అంగడి మీద గది ఉంది. శనగ బస్తాలు తీయించి గోడలకు రంగు వేయిస్తున్నాను. దీపావళి వెళ్ళగానే సామాను కట్టుకుని వచ్చెయ్. మీ బావ నీతో పేకాట ఆడతానంటున్నాడు. అతనికి ఆట రాదు, ఓర్చుకో.

నీ అక్క
కృష్ణకుమారి


సాగరదీప్తి కాలనీ
2 నవంబరు 2025

అక్కకు,

సామాను సర్దాను. అట్టపెట్టెలకు తాళ్ళు బిగించి తలుపు దగ్గర పేర్చాను. ఆ తర్వాత జరిగింది రాస్తున్నాను, మధ్యలో ఆపకుండా చదువు.

పోయినవారం వాయుగుండం పట్టింది. అలలు దిమ్మె దాకా వచ్చాయి. తెల్లారి చూస్తే డాల్ఫిన్ ఉంది, నేను లేను. సంజీవయ్య చెప్పినట్టే గుంటలోంచి ఊడి సముద్రంలోకి దొర్లిపోయాను. నరసమ్మ కొడుకూ వాళ్ళ పేట కుర్రాళ్ళూ ఈదుతూ వెతికారు, వలలు వేశారు. దొరకలేదు. నరసమ్మ ఒడ్డున కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను పక్కనే నిలబడి ఊరుకోమ్మా అంటే ఇంకా ఏడ్చింది.

ఆ సాయంత్రం నా తలుపు తట్టారు. గిరీశ్ గారు, ప్రదీప్ గారు, రెబెకా టీచరు గారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. గిరీశ్ గారు భవాని ఫోటో ముందు ఆగిపోయారు. "మీ మిసెసా అండీ? ఎప్పుడు పోయారు?" అని అడిగారు. మూడేళ్ళయింది అన్నాను. ఆయన ఫోటో మీది దండ సరిచేసి కుర్చీలో కూర్చున్నారు. తర్వాత అసలు విషయం చెప్పారు. మర్నాడే తనిఖీ. ఫైల్లో మనిషీ డాల్ఫినూ అని రాసి ఉంది. మనిషి లేకపోతే ఫైలు చెల్లదు, చెత్తబండ్లు వచ్చేస్తాయి. "ఒక్క అరగంట మీరు నిలబడగలరా, జనార్దనం గారూ?" అన్నారు.

నవ్వకు. నేనూ నవ్వలేదు. పొద్దున్నే టాల్కం పౌడరులో బొగ్గుపొడి కలిపి రెబెకా టీచరు గారు నాకు ఒళ్ళంతా పూశారు. చొక్కా పై గుండీ తెంపారు. తన మంచి గొడుగును ఆవిడే మోకాలికి ఆనించి తిరగేసి ఇచ్చారు. కుర్చీ వేసి నన్ను డాల్ఫిన్ మీదికి ఎక్కించి, ఆ గుంటలో కాళ్ళు పెట్టించారు. నరసమ్మ వచ్చి చూసి "బాబే ఉండగా రాయి కోసం ఏడిసినాను సూడు" అని కళ్ళు తుడుచుకుంది.

అరగంట అన్నారు కానీ, తనిఖీకి రావలసిన అధికారిణి మధ్యాహ్నం దాకా రాలేదు. ఎండ ఎక్కింది. ప్రదీప్ గారు నిచ్చెన మీద నిలబడి నాకు గొడుగు పట్టారు, గొడుగుకు గొడుగు. స్ట్రా వేసి కాఫీ తాగించారు. మోకాలు నొప్పి ఉందా, బీపీ మాత్ర వేసుకున్నారా, ఆళ్లగడ్డ ఎక్కడండీ, పిల్లలు లేరా, భవాని గారికి ఏం జబ్బు చేసింది, అన్నీ అడిగారు. తొమ్మిదేళ్ళలో అడగనివన్నీ ఆ పూటే అడిగారు. కదలకూడదు కాబట్టి పెదవులు కదపకుండా జవాబులు చెప్పాను. గిరీశ్ గారు దిమ్మె మెట్టు మీద కూర్చుని, ఆ రోజు రాకపోవడం తప్పే అన్నారు. ఏ రోజో చెప్పలేదు. నాకు తెలుసు. బొగ్గు చారలు పడకుండా ఏడవడం చాలా కష్టమక్కా.

జీపు వచ్చింది. ఆవిడ చుట్టూ తిరిగి చూసింది, డాల్ఫిన్ గంటను పెన్నుతో కొట్టి చూసింది, నా మొహంలోకి చూసింది. "బాగుంది. కాకపోతే మొహంలో వయసు కాస్త ఎక్కువ చెక్కారు" అని రాసుకుని వెళ్ళిపోయింది. చెత్త యార్డు రద్దయింది. నవ్వుల క్లబ్బు వాళ్ళు నవ్వారు, కుక్కలు ఏడ్చాయి.

దిగమన్నారు. దిగలేకపోయాను. మోకాళ్ళు బిగుసుకుపోయాయి, ఎత్తిన చెయ్యి దిగలేదు. గిరీశ్ గారు, ప్రదీప్ గారు తల వైపు పట్టుకున్నారు. వాచ్‌మన్, నరసమ్మ కొడుకు కాళ్ళ వైపు పట్టుకున్నారు. లిఫ్టు పనిచేయదు, సి-బ్లాకు మెట్లన్నీ భుజాల మీదే ఎక్కించారు. ప్రతి మలుపులో "తల జాగ్రత్త, తల జాగ్రత్త" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. వెనక కాలనీ సగం, పేట సగం వచ్చింది. తలుపు దగ్గర అట్టపెట్టెలు అడ్డం వస్తే రెబెకా టీచరు గారు ఇవేంటండీ అని అడగకుండానే పక్కకు జరిపించి, ఒకదాని తాడు విప్పి దిండు తీశారు. మిగతావి నిన్న నేనే విప్పాను. శనగ బస్తాలు మళ్ళీ ఆ గదిలోనే పెట్టుకోమని బావతో చెప్పు.

భవానిని మోయడానికి నలుగురు నంద్యాల నుంచి రావలసి వచ్చింది. రేపు నా సంగతి వింటే మీరెవరూ అంత దూరం పరుగెత్తుకు రానక్కర్లేదు, నిదానంగా రండి. ఇక్కడ నలుగురున్నారు. బతికుండగానే చూసుకున్నాను, జాగ్రత్తగానే మోశారు.

తమ్ముడు
జనార్దనం